చిల్లు దగ్గర మాట

మా బడిలో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు జిగురు టీచరు. చేతిసంచీలో ఎప్పుడూ బంక సీసా ఉండేది, అది ఒక కారణం. పట్టుకున్నదాన్ని వదలదు, అది రెండోది. నేను మాత్రం అక్కయ్యా అని పిలిచేదాన్ని. నా డ్రిల్లు సామాన్ల గదీ ఆవిడ క్లాసూ పక్కపక్కనే, మధ్య గోడ పైకప్పు దాకా లేదు. నేను బంతులకు గాలి కొట్టుకుంటూ ఆవిడ పాఠాలన్నీ విన్నాను. కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుంది. విన్నది విన్నట్టు చెబుతాను. మధ్యలో ఎవరిమీదైనా కోపం వస్తే అదీ దాచను.

అక్కయ్యవాళ్ళది చిల్లర దుకాణం. వాళ్ళమ్మ తూకం వేస్తుంటే ఈవిడ పొట్లాలు కట్టేది. బడిలో చేర్పించారు గాని అక్షరాలు ఓ పట్టాన బుర్రకెక్కలేదు. "పుస్తకం చూస్తే నిద్ర, పొట్లం చూస్తే మెలకువ" అని తనమీద తనే నవ్వుకునేది. పొట్లం కాగితం మీద ఎప్పుడూ సగం కథే ఉంటుంది. దొంగ గోడ దూకుతాడు, కాగితం అక్కడితో చిరిగిపోతుంది. దూకి ఏం చేశాడో ఎవరూ చెప్పరు. ఉన్న నాలుగు ముక్కలే కిందా మీదా పడి చదివి, తర్వాతేమయిందో తనే తేల్చుకోవాలి. అలా తేల్చుకోవడం కోసం చదివీ చదివీ ఆవిడకు చదువొచ్చేసింది. ఆ తర్వాత టీచరు ట్రైనింగు, లారీ ఆఫీసు గుమాస్తాతో పెళ్ళి, ఇద్దరు పిల్లలు, అన్నీ అందరిలాగే. ఒక్క మొండితనమే అందరిలా కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. తేడా ఏమిటంటే, ఈవిడ ముందు లెక్కపెట్టి, ఆ తర్వాత పట్టు పడుతుంది.

ఏడో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లలందరినీ ఏరి, ఒక గదిలో కూర్చోబెట్టి ఆవిడకు అప్పగించారు. ఏడేళ్ళు బడికొచ్చి చదువు రాలేదంటే తప్పు పిల్లలదేనని మా స్టాఫ్ రూము తీర్మానం. ఆ ఏడేళ్ళూ పాఠాలు చెప్పిన మహానుభావుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే టీ చల్లారిపోతుంది మరి.

వాచకం తెరిస్తే ఆ పిల్లలు గుడ్లప్పగించి చూసేవాళ్ళు. సాంఘికశాస్త్రం మరీ ఘోరం. మా ఊరికి వచ్చే రైలు కొండల్లో ఒక పెద్ద సొరంగం గుండా వస్తుంది. దాని గురించి పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. 'సొరంగ మార్గం పూర్తికావడంతో రెండు ప్రాంతాల మధ్య రవాణా సుగమమయింది.' ఆ వాక్యాన్ని ఆవిడే చదివి వినిపించింది.

"సుగమం అంటే ఏంటి టీచర్?" అని ఒకడు అడిగాడు.

"తేలికవడం."

"మరి తవ్వినవాళ్ళకి?"

అక్కయ్య ఆ పేజీ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో రాయలేదురా" అంది. ఆ గొంతు నాకు తెలుసు. దేన్నో పట్టుకోబోతోందని అప్పుడే అనుకున్నాను.

ఆ వారమే అక్కయ్య తమ్ముడి దుకాణానికి పాత కాగితాల మూట వచ్చింది. అమ్మ తర్వాత ఆ దుకాణం తమ్ముడే చూసుకుంటున్నాడు. కూలగొడుతున్న ఒక పాత ఇంట్లోంచి కాగితాలవాడు పోగుచేసి తెచ్చిన మూట అది. అందులో ఒక ఇనప తీగ, దానికి గుచ్చిన ఉత్తరాలు. వచ్చిన ఉత్తరాన్ని చదువుకుని తీగకు గుచ్చి గోడకు తగిలించడం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గుచ్చిన చోట ప్రతి ఉత్తరానికీ ఒక చిల్లు. తుప్పు తిని ఆ చిల్లు పెద్దదై, ఒక్కో ఉత్తరంలో ఒక్కో మాటను మింగేసింది. తమ్ముడు వాటిలో మిరియాలు పొట్లం కట్టబోతుంటే అక్కయ్య లాక్కుంది.

"అక్కా, నా పొట్లాలకి కాగితమేదీ?" అన్నాడు తమ్ముడు.

"నీ పాత లెక్కల పుస్తకం చింపుకో. ఎలాగూ పాసవ్వలేదుగా."

"చిల్లులు పడ్డ కాగితాలు ఏం చేసుకుంటావే తల్లీ?"

"చిల్లులున్నాయనే తీసుకెళ్తున్నా" అంది అక్కయ్య.

ఆ ఉత్తరాలు సొరంగం తవ్వడానికి వెళ్ళిన ఒక మనిషి, ఊళ్ళో ఉన్న తన అక్కకు రాసినవి. మా తాతల కాలంనాటివి. రాసినవాడెవరో, ఆ అక్క ఎవరో చెప్పగలిగేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. అక్కయ్య ఒక్కో ఉత్తరానికీ ఒక అంచుకు మాత్రమే బంక రాసి అట్టకు అంటించింది. తలుపు తీసినట్టు తీసి వెనకవైపు కూడా చూడొచ్చు. ఆ అట్టల్ని క్లాసు గోడకు వరసగా తగిలించింది.

ప్రతి ఉత్తరమూ ఒకేలా మొదలయ్యేది. 'అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.' మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాం, ఇక సంగతికొస్తే, అని దాని అర్థం. అంత పొడుగు మాట ఆ పిల్లలకు ముందుగా వచ్చేసింది. ప్రతి అట్ట మీదా కనబడుతుంటే రాక ఏం చేస్తుంది? డ్రిల్లులో నేను హాజరు పిలిస్తే "ఉభయకుశలోపరి మేడం!" అని అరిచేవాళ్ళు. రెండు రోజులు కేకలేసి, మూడో రోజు నేనూ నవ్వాను.

చిల్లు దగ్గర ఏ మాట ఉండాలో ఎవరైనా చెప్పొచ్చు. కాని ఆ మాట అదేనని ఎలా తెలిసిందో ఉత్తరంలో చూపించాలి. అక్కయ్య నోట ఎప్పుడూ ఒకటే మాట, "ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు."

ఒక ఉత్తరంలో 'ఇచ్చట రాత్రిపూట' అని ఉంది, తర్వాత చిల్లు, ఆ తర్వాత 'విపరీతముగా ఉన్నది.'

"దోమలు!" అన్నాడొకడు.

"దెయ్యాలు!" అన్నాడు ఇంకొకడు. వాడికి అన్నీ దెయ్యాలే.

"ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు."

వాళ్ళు కూడబలుక్కుంటూ కిందికి చదివారు. రెండు వరుసల కింద 'కంబళి పంపవలెను' అని దొరికింది. "చలి టీచర్, చలి!" అని ఒక్కసారే అరిచారు. నా చేతిలోంచి బంతి జారిపోయింది. ఒక్క మాట కోసం రెండు వరుసలు చదివారని వాళ్ళకు తెలియలేదు. ఆ సంగతి అక్కయ్య వాళ్ళకు చెప్పలేదు కూడా.

ఇంకో ఉత్తరంలో 'సొరంగములో నడుము ఎత్తుటకు వీలులేదు' అని ఉంది. పిల్లలు నా దగ్గరికి వచ్చి, మైదానంలో తక్కువ ఎత్తున తాడు కట్టమన్నారు. కట్టాను. ఇటుకలు మోస్తూ దానికింద వంగి నడిచారు. కాసేపటికే అబ్బా అమ్మా అంటూ కూలబడ్డారు. "ఆయన రోజంతా ఇలాగే ఉన్నాడా మేడం?" అని అడిగారు. ఉన్నాడని నేను చెప్పలేదు. ఉత్తరం చూసుకోమన్నాను. నాకూ ఆ జబ్బు అంటుకుంది.

ఆ క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉండే పిల్ల ఒకతి ఉండేది. వెనక బల్లలో కూర్చునేది. నోరు విప్పితే తప్పు దొర్లుతుందని అసలు విప్పేదే కాదు. వాళ్ళ నాన్నకు బడి వెనక వీధిలో ఇస్త్రీ దుకాణం. ఆ పిల్ల మీదే పిడుగు పడింది. అర్ధసంవత్సర పరీక్షలకు ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్కరిచేత ఒక పేజీ చదివిస్తారు, చదవలేనివాళ్ళని ఐదో తరగతికి దింపేస్తాం అని హెడ్‌మాస్టరు నోటీసు పెట్టాడు. తన కూతుర్ని దింపితే బడే మానిపిస్తానని ఇస్త్రీ ఆయన కబురు పంపాడు.

అక్కయ్య ఆ సాయంత్రమే దుకాణానికి బయలుదేరింది. నన్నూ లాక్కెళ్ళింది. ఆయన బొగ్గుల పెట్టెతో చొక్కా కాలరు తోముతున్నాడు. తలెత్తలేదు.

"పిల్లని మానిపిస్తారటగా" అంది అక్కయ్య, కుండ బద్దలు కొట్టినట్టు.

"మీరే చెప్పండి టీచరమ్మా. ఐదో తరగతి బల్లలో కూర్చుంటే దానికి మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి. చిన్నపిల్లలందరూ నవ్వుతారు. ఇక్కడైతే ఎవరూ నవ్వరు. ఇస్త్రీ పెట్టెకి దాని పొడుగుతో పనిలేదు."

"దింపితే కదా నవ్వేది? అది చదువుతుంది."

"ఏడేళ్ళు చదవంది మూడు నెలల్లో చదువుతుందా?"

"చదువుతుంది."

"నాకూ చదువు రాదండీ. కాని వచ్చేవాళ్ళెవరో రానివాళ్ళెవరో మొహం చూస్తే తెలుస్తుంది."

"నా మొహం చూసి చెప్పండి, నేను వదిలేస్తానా?"

ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. పెట్టె పక్కన పెట్టి నిట్టూర్చాడు. "సరే. ఆ రోజు నేనే వస్తా. చదివితే ఉంచుతా. లేకపోతే పుస్తకాలు సంచీలో వేసుకుని అటునుంచి అటే తీసుకొచ్చేస్తా. మళ్ళీ నా దుకాణానికి రాకూడదు మీరు."

"రాను" అంది అక్కయ్య. దారిలో నేను, "అక్కయ్యా, మాట ఇచ్చేశావు, పిల్ల చదవకపోతే?" అన్నాను. "నువ్వు రేపట్నుంచి దానికి డ్రిల్లు మానిపించు" అని జవాబిచ్చింది.

మర్నాటినుంచి మిగతా పిల్లలు పరుగెత్తుతుంటే ఆ పిల్ల ఖాళీ క్లాసులో గోడ దగ్గర నిలబడి, వేలితో వరుసలు తడుముతూ ఉత్తరాలు చదువుకునేది. నోట్లో గొణుగుడు వినబడేది. తడబడేది, మళ్ళీ మొదలుపెట్టేది. అక్కయ్య దగ్గరే కూర్చుని దస్తూరీలు దిద్దుకునేది తప్ప ఒక్క మాట కూడా అందించేది కాదు. నాకు ప్రాణం ఆగేది కాదు. గోడ ఇవతలనుంచి నేనే అరిచి చెప్పేద్దామా అనిపించేది.

క్లాసంతా తల బద్దలుకొట్టుకున్న ఉత్తరం ఒకటుంది. 'మొన్న సొరంగములో రాయి పేల్చినప్పుడు దగ్గరగా ఉండుటచేత నాకు' అని ఉండి, చిల్లు, తర్వాత 'పోయినది. నీవు దిగులు పడవద్దు.' ఆ ఉత్తరం నుంచి దస్తూరీ కూడా మారిపోయింది. అంతకుముందు వాలుగా ఉండే అక్షరాలు గుండ్రంగా అయ్యాయి. "చెయ్యి పోయింది టీచర్, అందుకే వేరేవాళ్ళచేత రాయించాడు" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అక్కయ్య ఒప్పుకోలేదు. "దస్తూరీ మారింది, నిజమే. చెయ్యి అని ఎక్కడుంది?" అంది. ఎవరూ చూపించలేకపోయారు. చిల్లు చిల్లుగానే ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టరు రావడానికి ముందురోజు హెడ్‌మాస్టరు క్లాసుకు వచ్చి గోడ చూసి కంగారుపడ్డాడు. మంచివాడే గాని, పైవాళ్ళ పేరెత్తితే చొక్కా తడిసిపోతుంది ఆయనకు.

"ఈ చిరిగిన కాగితాలా మేడం ఆయనకి చూపించేది? బడి పరువేం కాను?"

"పిల్లలు చదివేది వీటినే సార్."

"అయితే శుభ్రంగా కంప్యూటర్‌లో కొట్టిద్దాం. ఇచ్చేయండి."

ఆయన ఏవో నాలుగు ఉత్తరాలను గోడమీదనుంచే ఫోనులో ఫొటో తీసుకున్నాడు. అట్టలు కూడా తీసేయించబోతే, అక్కయ్య గోడకు అడ్డంగా నిలబడింది. అంత లావు మనిషిని తోసుకుని వెళ్ళే ధైర్యం ఆయనకు లేదు. ఖాళీలుంటే బాగుండదని, మా తెలుగు మాస్టరుగారి చేత చిల్లుల్లో మాటలు రాయించి కొట్టించాడు. తెలుగు మాస్టరు పెద్దమనిషి, ఒక్కో ఉత్తరమే చూశాడు, తోచింది రాశాడు. ఆయన చేతిలో మొత్తం ఉత్తరాలు పెట్టనిది హెడ్‌మాస్టరే. ఈ సంగతి అప్పుడు అక్కయ్యకు గాని నాకు గాని ఎవరూ చెప్పలేదు. ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు ఇస్త్రీ ఆయన అన్నమాట ప్రకారం వచ్చాడు. చంకలో మడతపెట్టిన ఖాళీ సంచీ. తలుపు పక్కన నిలబడ్డాడు. నేనూ ఈల మెళ్ళో వేసుకుని, పనేం లేకపోయినా అక్కడే నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు నెమ్మదైన మనిషి. కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కరిని పిలిచాడు. దెయ్యాలవాడు చదివాడు. మిగతావాళ్ళు ఆగుతూ ఆగుతూ అయినా చదివారు. ఆఖరికి పొడుగుపిల్ల వంతు వచ్చింది. హెడ్‌మాస్టరు నీటుగా కొట్టించిన కాగితం ఒకటి చేతికిచ్చాడు.

"అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి." గొంతు సన్నగా వణికింది గాని, ఆగలేదు. "మొన్న సొరంగములో రాయి పేల్చినప్పుడు దగ్గరగా ఉండుటచేత నాకు..."

ఆగిపోయింది.

"ఊఁ, చదువమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిల్ల కాగితం వంకే చూస్తోంది. హెడ్‌మాస్టరు గొంతు సవరించుకుని, "చిన్న మాటేగా, చ... చె..." అని అందించబోయాడు. అక్కయ్య ఆయన వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. ఆవిడా అందించలేదు. పిడికిళ్ళు బిగించి నిలబడింది, అంతే. తలుపు దగ్గర సంచీ మడత విప్పిన చప్పుడు వినబడింది.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. "రాదా అమ్మా?"

"వచ్చు సార్. చెయ్యి అని ఉంది" అంది ఆ పిల్ల. "కాని ఆయన ఆ మాట రాయలేదు. అక్కడ చిల్లుంది."

"చిల్లేమిటి?"

"ఇది ఎవరో మధ్యలో పెట్టిన మాట సార్. ఆయనకి చెయ్యి పోలేదు. వేలు పెట్టి చూపిస్తా."

ఎవరి అనుమతీ అడగలేదు. నేరుగా గోడ దగ్గరికి నడిచింది. చివరినుంచి మూడో అట్ట దగ్గర ఆగి, వేలు పెట్టి చదివింది. "నన్ను సొరంగము పనినుండి తీసి తాళ్ళు పేనే పనిలో పెట్టినారు." ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "తాడు పేనాలంటే రెండు చేతులుండాలి సార్. మా దుకాణంలో బట్టలారేసే తాళ్ళు నేనూ నాన్నే పేనుతాం" అంది.

పక్క అట్టకు వెళ్ళింది. "నీ ఉత్తరము వచ్చినప్పుడు పక్క మంచపు మనిషి చదివి వినిపించుచున్నాడు." అక్కణ్ణుంచి గబగబా మొదటి అట్టలదాకా వెళ్ళి, "నీ ఉత్తరము ఎన్నిసార్లు చదువుకొన్నానో లెక్కలేదు" అని చదివింది. "ముందు తనే చదువుకునేవాడు సార్. తర్వాత వేరేవాళ్ళు చదివిపెట్టారు. చెయ్యి పోతే రాయలేడు. చదవడానికి చెయ్యెందుకు సార్?"

పిల్ల పేలుడు సంగతి ఉన్న ఉత్తరం దగ్గరికి వచ్చి, చిల్లు మీద వేలు పెట్టింది.

"చూపు సార్. చూపు పోయినది, నీవు దిగులు పడవద్దు. అలా రాయించాడు" అంది.

హెడ్‌మాస్టరు వెనక నిలబడ్డ తెలుగు మాస్టరు, "నాకు చెయ్యే తోచిందమ్మా. నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. ఆయన ఏం రాశాడో నాకు కనబడలేదు గాని, అడిగిన పేజీకంటే ఆ పిల్ల ఎక్కువే చదివిందని హెడ్‌మాస్టరుతో పైకే చెప్పాడు. నవ్విన నాపచేనే పండిందని నాకు ఈల వెయ్యాలనిపించింది. మర్యాదకు ఊరుకున్నాను.

అప్పుడు తలుపు దగ్గరనుంచి మాట వచ్చింది.

"తర్వాతేం రాశాడు?"

ఇస్త్రీ ఆయన. సంచీ చేతిలోనే ఉంది, చూపు మాత్రం గోడమీద ఉంది.

"ఇంకొక్క ఉత్తరమే ఉంది నాన్నా."

"చదువు."

పిల్ల చివరి అట్ట దగ్గరికి వెళ్ళింది. ఈసారి గొంతు వణకలేదు. "పని పూర్తి అయినది. వచ్చే వారము మొదటి బండిలో నన్ను ఎక్కించెదమన్నారు. సొరంగము వచ్చినదని చప్పుడును బట్టి నాకే తెలియును. స్టేషనుకు నీవే రావలెను. నేను గుర్తుపట్టలేను గాని నీ గొంతు గుర్తుపట్టెదను."

ఆయన నెమ్మదిగా లోపలికి వచ్చాడు. "వెళ్ళిందా ఆవిడ?"

"తెలీదు నాన్నా. ఇదే ఆఖరుది."

"వెళ్ళే ఉంటుంది. అక్క కదా" అన్నాడాయన, తనకు తనే చెప్పుకున్నట్టు.

"ఎక్కడుంది? వేలు పెట్టి చూపించండి" అంది అక్కయ్య.

ఇన్‌స్పెక్టరుతో సహా అందరం ఉలిక్కిపడ్డాం. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి ఆవిడకు, అయినా వదల్లేదు. ఇస్త్రీ ఆయన గోడ వైపు వేలెత్తి దించేశాడు. "నాకు చదవడం రాదు కదా టీచరమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఒక క్షణం ఆలోచించింది. ఒక అంచుకే అంటించిన ఆ ఉత్తరాన్ని తలుపు తీసినట్టు తీసింది. వెనకవైపు పెన్సిలుతో, ఇంకెవరిదో దస్తూరీలో, ఉత్తరం అందుకున్న మనిషి మర్చిపోకుండా రాసిపెట్టుకున్నట్టు, సగం చెరిగిపోయిన నాలుగు మాటలున్నాయి. మేమెవరమూ అంతవరకూ చూడలేదు. అక్కయ్య కూడా చూడలేదని ఆవిడ మొహం చూస్తే తెలిసింది. పిల్ల వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని, బొగ్గుల పెట్టె కాల్చిన ఆ వేలిని ఒక్కో మాట కిందికీ జరుపుతూ చదివింది.

"బుధవారం. పొద్దుటి బండి. గొడుగు."

ఆయన వేలు చాలాసేపు ఆ చివరి మాట మీదే ఉంచాడు. తర్వాత కూతురి తల నిమిరాడు. అక్కయ్యకు దణ్ణం పెట్టి, ఖాళీ సంచీ మళ్ళీ మడతపెట్టుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు.